గుమ్మికి పూసిన మన్ను

మా నువ్వులు జర్మనీకి పోతాయని నాగపూర్ నుంచి వచ్చిన కంపెనీ మనిషి చెబితే బాపు ముందు నమ్మలేదు. "గక్కడోళ్లు నువ్వుల ముద్దలు జేస్కుంటరా సాబ్?" అని అడిగాడు. రొట్టె మీద చల్లుకుంటారట. అలా చల్లుకునే నువ్వులకు ఏ మందూ తగలకూడదట. మూడేళ్లు చేనుకు పురుగుమందు, యూరియా వేయకపోతే సర్టిఫికెట్ ఇచ్చి మంచి ధరకు కొంటారు. మార్కెట్లు తెరిచాం, ఇక అందరికీ మంచిరోజులే అని రేడియో ఊదరగొడుతున్న కాలం అది. బాపు వేలిముద్ర వేశాడు.

మహారాష్ట్రలో రాజురా అవతల మాది మూడెకరాల చేను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కంపెనీ ఇచ్చిన నియమాల కాగితం మరాఠీలోనే ఉండేది. ఎనిమిదో తరగతి చదివే నేను దాన్ని చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆ కాగితం చేతిలో ఉంటే నాకు తహసీల్దారంత పొగరు.

పురుగును చేతులతో ఏరాం. కషాయానికి వేపాకు దంచీ దంచీ, అవ్వ అని మేం పిలిచే మా అమ్మ చేతులు చేదెక్కాయి. ఆమె కలిపిన అన్నం చేదని చెల్లె ఏడ్చేది. పంట సగానికి పడిపోయింది. పక్క చేను వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు.

మా వైపు వానాకాలం మలేరియా ఎక్కువ. ఏటా సర్కారు మనుషులు మందు పీపాలు వీపున వేసుకొచ్చి ఇళ్లలో గోడలకు డీడీటీ కొట్టేవాళ్లు. రెండో ఏడు బాపు వాళ్లను వాకిట్లోంచే తిప్పి పంపాడు. "మా ఇంట్లకు మందు రావద్దు, కంపెనీ సాబ్ జూస్తే సర్టిఫికెట్ పోతది" అన్నాడు. నెల తిరక్కుండా తమ్ముడికి జ్వరం వచ్చింది. చంద్రపూర్ ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. ఆ దోమ ఎవరింట్లో కుట్టిందో ఎవరు చెప్పగలరు? అవ్వ బాపును ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మూడో ఏడు మందు కొట్టేవాళ్లు వచ్చినప్పుడు బాపు చేనుకు పోయి ఉన్నాడు. అవ్వ తలుపులు బార్లా తెరిచింది. గోడల నిండా తెల్లటి మరకలు పడ్డాయి. ఆ వానాకాలం చెల్లెకు ఒక్క పూట కూడా ఒళ్లు వెచ్చబడలేదు.

బాపుకు ఆ మరకలు చూస్తే గుబులు. పంట నిలవచేసే చోట మందు ఉండొద్దని కాగితంలో ఉందని నేనే చదివి చెప్పాను. ఉపాయం కూడా నేనే చెప్పాను. "గోడలు గీకేద్దాం బాపూ, గంతనే గదా" అన్నాను. ఎలాగూ కొత్త పంట వచ్చేముందు గోడల పాత పూత గీకి మళ్లీ అలకడం మా ఇళ్లలో ఆనవాయితీ. గీకిన మన్ను పారబోయరు. పాత మన్ను బాగా పట్టుకుంటుందని, నానబెట్టి పేడతో పిసికి, గింజలు పోసే వెదురు గుమ్మికి పూస్తారు. మేమూ అదే చేశాం. గోడలన్నీ నేనే గీకాను. మోచేతుల దాకా తెల్లటి దుమ్ము, ఒకటే తుమ్ములు. అవ్వా నేనూ కలిసి గుమ్మికి లోపలా బయటా నున్నగా పూశాం. ఎండాక నువ్వులు పోశాం.

కంపెనీ మనిషి వచ్చి చిన్న సంచిలో గింజలు పట్టుకుపోయాడు. నెల తర్వాత కాగితంతో వచ్చి నా చేతికే ఇచ్చాడు. నువ్వుల్లో డీడీటీ ఉంది. బాపు ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. కంపెనీ మనిషి గోడల వంక చూశాడు, గుమ్మిని గోటితో గీకాడు. ఈ మన్ను ఎక్కడిదని అడిగాడు. నేనే చెప్పాను.

ఆఫీసు వాళ్లు ఈ మాట నమ్మరని, చేనుకే కొట్టారంటారని ఆయన అన్నాడు. మళ్లీ మొదటి నుంచి మూడేళ్లు. ఇకమీదట ఆ మందు కొట్టేవాళ్లను గడప తొక్కనీయొద్దని కూడా చెప్పాడు.

అవ్వ ముందుకొచ్చింది. "గా సాబ్‌కు మరాఠీల జెప్పు" అంది నాతో. "ఆళ్లకు శుద్ధమైన నువ్వులు గావాలె. నాకు నా పిల్ల గావాలె."

చెప్పాను. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. ఆయనకూ పిల్లలుండే ఉంటారు, ఆ రోజు మాత్రం నాకు పరమ అసహ్యంగా అనిపించాడు. అంతకన్నా ఎక్కువగా నా మీద నాకే అసహ్యం వేసింది. చదువుకున్నదాన్ని నేనే. గీకిందీ నేనే.

ఆ నువ్వులను అందరి నువ్వుల్లోనే కలిపి రాజురా బజారులో అమ్మేశాం. బాపు మళ్లీ వేలిముద్ర వేయలేదు.

మరుసటి వానాకాలం మందు పీపాల వాళ్లు మా వాడకు వస్తే, బాపే ఎదురెళ్లి పిలుచుకొచ్చాడు. సామాన్లన్నీ తనే వాకిట్లోకి మోశాడు. లోపలి గదిలో, తమ్ముడి మంచం ఉండే మూలకు తీసుకుపోయి, "గీడ కొట్టు" అన్నాడు. అతను కొట్టాడు. గోడంతా తడిసింది.

"ఇంకోపారి కొట్టు" అన్నాడు బాపు.

ఒక్కసారి చాలు కాకా, వానాకాలం అంతా పనిచేస్తది అన్నాడతను. బాపు ఆ మూల నుంచి కదల్లేదు.