సంతోషమ్మ మడుగులో కొర్రమీన్లు

సంతోషమ్మను ప్రకృతి ప్రేమికురాలు అనకండి. ఆమెకు బుడ్డపరకల పులుసు ఇష్టం, అంతే. వేలెడంత కూడా ఉండని ఆ చేపలు లక్షెట్టిపేట అవతలి వాగులో ఒకప్పుడు గుంపులుగా తిరిగేవి. ఇసుక తవ్వకాలు, పొలాల మందులు కలిసి వాగును పాడు చేశాయి. చివరికి బండల మధ్య ఒక్క మడుగులోనే అవి మిగిలాయి. అప్పుడే ఆమె వాటిని తినడం మానేసింది. మడుగుకు మోటరు పెట్టబోయిన రైతులను తిట్టింది. బ్లీచింగ్ పొడి చల్లి చేపలు పట్టేవాళ్ల మీదికి కట్టె ఎత్తింది. ఊళ్లో ఆమెను మడుగు సర్పంచ్ అని ఎగతాళి చేసేవారు. పర్యావరణ సదస్సులు పెట్టేవాళ్లెవరూ అటు రాలేదు, దానివల్ల నష్టమూ లేదు.

అల్లుడు జోయల్ నస్పూర్ గని కాలనీలో పుట్టి పెరిగినవాడు. చేపంటే అతనికి సంతలో చేపే.

ఆ ఏడు చర్చిలో కోత పండుగకు వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలతోపాటు ఎవరో బకెట్లో బతికున్న కొర్రమీన్లు తెచ్చారు. ప్రార్థన అయ్యాక కానుకలన్నీ వేలం వేస్తారు. దేవుడికిచ్చినదాన్ని పాడుకుంటే ఇంటికి దీవెన అని నమ్మకం. కొర్రమీన్లను జోయల్ పాడుకున్నాడు. అత్త మోకాలి నొప్పి తగ్గాలని ప్రార్థన చేయించి, వాటిని కోయడానికి మనసొప్పక తీసుకెళ్లి ఆమె మడుగులోనే వదిలాడు.

"అత్తమ్మా, నీ మడుగుల పెద్ద చేపలు ఇడ్శిన. ఇగ నీకు ఫికర్ లేదు" అన్నాడు సంబరంగా.

కొర్రమీను చిన్న చేపలను బతకనివ్వదు. ఆ మాట ఆమె అల్లుడితో అనలేదు. మర్నాడే వల పట్టుకొని మడుగులోకి దిగింది. అవి బురదలోకి, బండసందుల్లోకి దూరాయి. పట్టాలంటే మోటరు పెట్టి మడుగంతా తోడాలి, తోడితే పరకలూ చస్తాయి. మంచి మనసుంటే చాలనుకునేవాళ్లు ఆ ఒడ్డున ఒక పూట కూర్చోవాలి. చలికాలమంతా ఆమె గాలం వేసింది. కొన్నే పడ్డాయి. ఎందుకలా తిప్పలు పడుతోందో చివరికి కూతురు మహిమ జోయల్‌కు చెప్పింది.

ఎండలకు నీళ్లు మోకాళ్ల లోతుకు దిగాక అతనే వచ్చి, చేతులతో బురద తడిమి, ఆఖరి కొర్రమీనును పట్టాడు. బాగా బలిసింది. ఆమె కత్తిపీట ముందేసుకొని కోసింది. దాని కడుపులో పరకలున్నాయి, ఇంకా అరగలేదు.

ఆ చేపనే పులుసు పెట్టి వడ్డించాక, మడుగులో ఇంకా పరకలేమైనా మిగిలి ఉంటాయేమోనని జోయల్ అడిగాడు. పొద్దున్నే వెతికొచ్చానని, ఒక్కటీ లేదని ఆమె చెప్పింది.

"గిదంత నా వల్లనే గదా, అత్తమ్మా."

"నా మోకాలి కోసమే ఇడ్శినవ్ బిడ్డా. తిను, సల్లారుతది."

అతను కంచం పక్కకు జరిపాడు. ఆమె మాత్రం ముక్క మిగల్చకుండా తిన్నది.