పదేళ్ళు పోని మందు

ఈ రోజు పొద్దున్న మా ఇంటికి చెదల మందు కొట్టే అతను వచ్చాడు. అమలాపురంలో మా వీధిలో చాలా ఇళ్ళకి అతనే కొట్టాడని మావారు పిలిపించారు. వంటగది గుమ్మానికి చెద పట్టిన మాట నిజమే. కానీ అతని డబ్బా మీద కాగితం లేదు. అదేం మందని అడిగితే పేరు చెప్పలేదు.

"ఒక్కసారి కొడితే పదేళ్ళు పోదండి, గ్యారంటీ," అన్నాడు.

నా మనవరాలికి ఎనిమిది నెలలు. ఇప్పుడిప్పుడే పాకుతోంది. నేల మీద ఏం దొరికినా నోట్లో పెట్టుకుంటోంది. పదేళ్ళు నేలలోంచి పోని మందు దాని ఒంట్లోంచి మాత్రం ఎలా పోతుంది?

"మీ ఇంట్లోనూ ఇదే కొట్టేవా బాబూ?" అని అడిగాను.

అతను పంపు సర్దుకున్నాడు. "లేదండి. చిన్నపిల్లలున్నారండి," అన్నాడు నెమ్మదిగా.

నేను కుర్చీ తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.

"వీధిలో అందరూ కొట్టించుకోలేదేంటి? వాళ్ళకేమైంది?" అని మావారు విసుక్కున్నారు.

"ఏమైందో ఎవరు చూసేరండీ? గుమ్మం పోతే ఇంకోటి పెట్టించుకుందాం. నేను మాత్రం లేవను," అన్నాను.

అతను "ఆయ్, మంచిదండి" అని డబ్బా బండికి కట్టుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం వడ్రంగి వచ్చి చెద తిన్న చెక్కంతా పీకేశాడు. మావారు ఇంకా నాతో మాట్లాడటం లేదు. మనవరాలు మాత్రం గడప అడ్డు లేని వంటగదిలోకి హాయిగా పాకుతూ వచ్చేస్తోంది.

మీ ఇంట్లో కొట్టించిన మందు పేరేమిటో మీలో ఎంతమందికి తెలుసు? తెలియకపోతే కొట్టినతన్ని వెళ్ళి అడగండి. అతని ఇంటి సంగతి కూడా అడగండి.