బామ్మర్ది పుస్తకంలో గొర్లకాపరి

ఆషాఢ మాసం ఆఖరి ఆదివారం, పొద్దున్న ఎనిమిది గంటల పది నిమిషాలకు, మా వాకిట్ల, అందరు చూస్తుండగ నేను నా బామ్మర్దిని ఒక మాట అడిగిన. టైం ఇంత కచ్చితంగ ఎట్ల చెప్తున్నవంటే, అప్పుడు మా కోడలు ఫోన్ల వీడియో తీస్తున్నది, టైం దాని మీదనే ఉన్నది. నేనడిగింది ఇది: "నీ కొత్త పుస్తకంల ఒక గొర్లకాపరి అని రాసినవ్ గద. ఆ కాపరి మా బావ అని రాయి." ఇంత చిన్న మాట నోట్లకెళ్లి బయటికి రావటానికి నాకు ఎండకాలం మొత్తం పట్టింది.

నా బామ్మర్ది అంటే నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. కోదాడల హైస్కూల్ లెక్కల సారుగ చేసి రిటైరైండు. సారుగ కంటె, లెక్కల పొడుపుకథలు రాసే మనిషిగనే ఆయనను ఎక్కువమంది ఎరుగుదురు. ఆదివారం పేపర్ల పిల్లల పేజీల ఒక మూలకు ఆయన లెక్క పడుతది. అగ్గిపుల్లలు జరిపి చదరం చేసుడు, ఒక బరువైన గోళీని తక్కెడల పట్టుకునుడు, అట్లాంటివి. అవన్ని కలిపి పుస్తకాలేసిండ్రు. బస్టాండుల దుకాణాలల్ల బిస్కెట్ పొట్లాల పక్కన వేలాడుతుంటయి. వాటితోని మార్కులు రావు, నౌకరి రాదు. అయినా కొంటరు. నాకైతే సమజ్ కాదు.

ఒకసారి మా ఇంట్ల కూసొని అక్కకు చెప్తుండు. ఒక మనిషి తోడేలును, మేకను, గడ్డిమోపును మూసీ దాటించాలెనట. పడవల తనతోని ఒక్కటే పడుతదట. ఎట్ల దాటిస్తడు అని.

"తోడేలును ఎవడన్న పడవెక్కిస్తడా? ఈ ఒడ్డుననే కట్టెతోని ఒక్కటిచ్చి సాగనంపక" అన్న నేను.

నా భార్య తమ్ముని దిక్కు చూసి అన్నది: "ఈయనకు చెప్పేదానికంటె ఆ మేకకు చెప్పుడు నయం తమ్మీ."

ఆయన పని చేసే తీరు నాకు తెలుసు, దగ్గరుండి చూసిన. లెక్క తోచంగనే రాయడు. ముందు మా ఇంటికొచ్చి అక్కకు చెప్తడు. ఆమెకు చదువు రాదు. కూరగాయలు తరుక్కుంటనే వింటది, ఏదో ఒక జవాబు చెప్తది. అది తప్పైతే ఆయన మొఖం వెలిగిపోతది. "మనిషి ఎక్కడ తప్పు చేస్తాడో దొరికితేనే అది లెక్క అక్కా. తప్పు దొరకకపోతే అది పాఠం" అంటడు. ఆమె "తల నొస్తది పో" అన్నదంటే ఆ లెక్కను అక్కడనే ఇడిసిపెడతడు. ఇన్నేండ్లల ఒక్క లెక్క కూడ నా మీద పెట్టి చూడలే. నేను పక్కన్నే కూసొని తాడు పేనుకుంటుంట. నా తప్పు కూడ ఆయనకు పనికిరాలేదన్నట్టు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినంక. రాత్రి బడికి ఎందుకు పోయినవంటే అందరికీ ఒక్కో తీరుగ చెప్పిన. అసలు సంగతి, పేపరొచ్చిన ప్రతి ఆదివారం నా భార్య అది పట్టుకొని వాళ్లింటికి వీళ్లింటికి పోయి "మా తమ్ముడేం రాసిండో సదువుండ్రి" అని అడిగేది. అది నాకు నచ్చలే. నేనే చదువుత అని పోయి నేర్చుకున్న. కూడబలుక్కొని, ఎవరి సాయం లేకుండ నేను చదివిన మొదటి పేరు నా పేరు కాదు. పేపర్ల లెక్క కింద అచ్చేసిన బామ్మర్ది పేరు.

అప్పటిసంది ఆదివారం పొద్దున్నే ఆయన రాసింది గొంతెత్తి చదువుడు నా డ్యూటీ అయింది. నవ్వొచ్చే చోట గబగబ చదివి దాటేస్తుంట. ఆమె అయినా నవ్వుతది. "మల్లొకసారి సదువు" అంటది. చదువుత.

ఒక ఏడు సూర్యాపేటల ఒక బడికి ఆయనను పిలిస్తే నన్ను కూడ వెంట తీసుకపోయిండు. హాలు నిండ పిల్లలు. మా బామ్మర్ది స్టేజీ మీద నిలబడి, మీరు ఒక అంకె మనసుల అనుకోండి అన్నడు. హాలంత చప్పుడు లేదు. గొర్లను మళ్లిచ్చేటప్పుడు నేను ఈల వేస్తే కూడ మంద గట్ల ఎన్నడు ఆగలే. ఆఖరికి పెద్దసారు శాలువ పట్టుకొని నా దిక్కు వచ్చిండు. నాకు కప్పుతడనుకొని తల వంచిన. ఆయన దాన్ని నా చేతుల్ల పెట్టి, "సార్ ది, జర పట్టుకోండి" అని పోయిండు. వంచిన తల ఎత్తుడెట్లనో తెల్వక చెప్పు తెగినట్టు కిందికి చూసుకుంట కొద్దిసేపు నిలబడ్డ.

మిర్యాలగూడల రైసు మిల్లుకు వడ్లు తోలుకపోయినప్పుడు ఇంకో కథ. మిల్లు గుమాస్తా బల్ల మీద మా బామ్మర్ది పుస్తకం బోర్లేసి ఉన్నది. ఆయన మా బామ్మర్దే అని చెప్పిన, ఎందుకు చెప్పిన్నో. గుమాస్తా లేచి నాకు కుర్చీ ఏసిండు. చాయ తెప్పిచ్చిండు. తర్వాత పక్కోనికి చెప్పిండు: "సార్ వాళ్ల బావ." ఒకప్పుడు ఆయన మా ఊరికొస్తే, ఫలానా ఆయన బామ్మర్దొచ్చిండు అనేటోళ్లు. ఇప్పుడు నా ఊర్లనే నేను సారు బావను. చాయ మంచిగనే ఉన్నది, తాగిన.

ఇంతవరకు ఓర్చుకున్న. కొత్త పుస్తకం కాడ ఓర్వలేకపోయిన.

దాంట్ల పంపకాల మీద ఒక పాఠం ఉన్నది. "నాకు తెలిసిన ఒక గొర్లకాపరి ఉండేవాడు" అని మొదలుపెట్టిండు. తక్కెడ లేకుండ మాంసాన్ని సమానంగ పోగులు పెట్టేటోడట. పోగులు పెట్టినోడే ఆఖరి పోగు తీసుకోవాలె అన్నది ఆయన రూలట. అట్లయితే ఏ పోగు చిన్నగ పెట్టినా అది తనకే మిగులుతదేమో అని భయముంటది, చెయ్యి తప్పు చేయదు అని రాసిండు.

నేను ఆ పేజీ నాలుగుసార్లు చదివిన. నా భార్యకు మాత్రం వినిపియ్యలే. మా ఊర్ల పోగులు పెట్టేది ఎవరు? నేను. పండుగకో పబ్బానికో ఐదారిండ్లోళ్లం కలిసి పొట్టేలును కోస్తం. వడ్లారబోసే పట్టా మీద మోదుగాకులు పరిచి ఇంటికొక్క పోగు పెడత. కార్జం, బోటి, నల్లిబొక్క అన్ని పోగుల్ల పడాలె. మా చిన్నమ్మ అటుమొఖం తిరిగి కూసుంటది. నేను ఒక పోగు మీద వేలు పెట్టి "ఇది ఎవరికి" అంట. ఆమె చూడకుండనే ఒక ఇల్లు చెప్తది. ఆఖరికి మిగిలింది నాది. ఊర్ల నాకున్న ఇజ్జత్ అదొక్కటే. ఆ ఒక్కటి కూడ తీసుకపోయి పుస్తకంల పెట్టిండు, పేరు లేకుండ. అచ్చుల నా పేరు ఒక్కసారి చూసుకోవాలెనని ఎంత ఆశ పడ్డనో నాకే తెలుసు.

ఆ ఆదివారం ఆయన కోదాడ నుంచి పొద్దున్నే దిగిండు. అనంతగిరి నుంచి మా వియ్యంకుడు కూడ వచ్చి ఉన్నడు. పొట్టేలును కోసుడైంది, ఆకులు పరిచిన, చిన్నమ్మ అటు తిరిగి కూసున్నది. నేను చేతులు కడుక్కొని వచ్చేసరికి ఆయన అంగీ చేతులు మడుచుకొని పట్టా మీద కూసొని ఉన్నడు.

"బావా, ఈసారి పోగులు నేను పెడతాను. ఒక కొత్త పద్ధతి ఉంది, చూద్దాం" అన్నడు. అన్నేండ్లు కోదాడల ఉండి మాట ఆ దిక్కు వాలింది ఆయనకు.

నేను పక్కకు జరిగి చూసిన.

పద్ధతి ఇది. ఆయన ఒక ఆకు మీద ఒక్కొక్క ముక్క వేసుకుంట పోతడు. ఇది నా వంతుకు సరిపోతది అని ఎవరికనిపిస్తే వాళ్లు "నాకు" అనాలె. ముందు అన్నోళ్లదే ఆ పోగు. మిగిలింది మిగిలినోళ్లకు మల్ల అదే తీరుగ. "ఆలస్యం చేస్తే పక్కవాళ్లు ఎత్తుకుపోతారు. మీ ఇష్టం" అన్నడు నవ్వుకుంట.

ముక్కలు పడుతున్నయి. కార్జం పడ్డది, నల్లిబొక్క పడ్డది. ఒక వంతు అయింది. ఎవ్వరు నోరు తెరువలే. ఎట్ల తెరుస్తరు. వియ్యంకుడు ఉండంగ ఇంటోళ్లు ముందు నాకు అంటె మర్యాద పోతది. వియ్యంకుడంటె పిల్లనిచ్చినోడు, ఆయన ఎట్లంటడు.

"మీరు తీసుకోండి బావగారూ" అన్నడు వియ్యంకుడు నాతోని.

"ముందు మీరు" అన్న నేను.

"పాలోళ్లు తీసుకోండ్రి" అన్నది నా భార్య, మా పెద్దనాయన కొడుకుల దిక్కు చూసి. ఇద్దరు అన్నదమ్ములు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. పెద్దోడు "మాకేం తొందరొదినా" అన్నడు. చిన్నోడు మింగుడు పడనట్టు ఆకు దిక్కే చూస్తున్నడు.

బామ్మర్ది చెయ్యి ఆపలే, రూలు రూలే. ఆకు కనబడకుండ పోయింది. పొట్టేలుల సగం ఒక్క పోగైంది. ఆయన నొసటి మీద చెమట చూసి నాకు కడుపుల సల్లగైంది. కోడలు వీడియో తీస్తనే ఉన్నది. తియ్యి బిడ్డా, మంచిగ తియ్యి అనుకున్న.

అటుమొఖం కూసున్న చిన్నమ్మకు ఇదేం కనబడుతలేదు. అలవాటు కొద్ది అట్లనే కూసున్నది, ఇండ్ల పేర్లు అడుగుతరేమోనని చూస్తున్నది. "ఎంతసేపురా, నా నడుం గుంజుతున్నది. ఆ పడ్డదేదో నాకియ్యి, పోత" అన్నది.

తిరిగి చూసింది. "ఇదంత నాదేనా?" అన్నది.

"నీదే చిన్నమ్మా, రూలు ప్రకారం" అన్నడు బామ్మర్ది.

"అయితె నీ రూలు సల్లగుండ. ఒక్క ప్రాణిని, దసరా దాక తింట."

పొట్టేలును కోసిన మనిషి కత్తి కడుక్కుంట పడిపడి నవ్విండు. ఇంక అంతే, అందరికి బుగులు పుట్టింది. తర్వాతి ఆకు మీద నాలుగు ముక్కలు పడంగనే పాలోళ్ల చిన్నోడు "నాకు" అన్నడు. వాని వెనుక వాళ్లన్న. మా వియ్యంకుడైతే మర్యాద మరిచి చెయ్యి కూడ ఎత్తిండు. ఐదు నిమిషాలల్ల ఖతం.

నేననుకున్న, ఆయన సిగ్గుపడతడని. సిగ్గా? మొఖం వెలిగిపోతున్నది. తప్పు దొరికింది గద. "చూశారా, పద్ధతిలో లోపం లేదు. నోరు తెరిచినవాడికే ఇది న్యాయం చేస్తుంది. మొహమాటపడ్డవాడి వంతుకు లెక్క జవాబుదారీ కాదు" అన్నడు. వచ్చే ఆదివారానికి ఆయనకు సరుకు దొరికింది. ఓడిపోయినప్పుడు కూడ గెలిచే మనిషిని చూసి ఎట్ల ఓర్చుకోవాలె.

కానీ ఆ మాట నా చెవుల్ల పడ్డది. మొహమాటపడ్డోని వంతుకు లెక్క జవాబుదారి కాదు. అయితే నేను కూడ నోరు తెరుస్త అనుకున్న. తెరిచిన. ఆ కాపరి మా బావ అని రాయి అన్న.

బామ్మర్ది చేతులు తుడుచుకుంట నా దిక్కు చూసిండు.

"అది నువ్వు కాదు బావా" అన్నడు.

"మరెవరు?"

"మా నాన్న."

నా భార్య అందుకున్నది: "నీకు పోగులు పెట్టుడు నేర్పిందెవరయ్యా? పెండ్లైన కొత్తల మా ఇంటికొచ్చి కార్జమంత ఒక్క పోగుల్నే పెడితివి. మా నాయన నీ చెయ్యి పట్టుకొని నేర్పిచ్చె. ఆఖరి పోగు నీదే అల్లుడా అని చెప్పె. యాది లేదా?"

ఆమె అన్నంక యాదికొచ్చింది. మామ చెయ్యి గరుకు కూడ యాదికొచ్చింది. ఇన్నేండ్లు నా తెలివే అనుకొని తిరిగిన.

"అట్లయితే ఆయన పేరన్న రాయాలె గద, కన్నతండ్రి" అన్న. పట్టు వదిలితే ఇంకేం మిగులుతది.

"పేరు రాస్తే అది మా నాన్న ఒక్కడే అవుతాడు బావా. కాపరి అని రాస్తే చదివినవాడు తనకు తెలిసిన కాపరిని అనుకుంటాడు. నువ్వు నిన్నే అనుకున్నావు కదా."

నాకు ఆ జవాబు నచ్చలే. ఇప్పటికి నచ్చలే. తప్పు అని మాత్రం అనలేకపోయిన.

ఆ మధ్యాహ్నం చిన్నమ్మ తన పోగు ముందటేసుకొని, ఎవరింటికి ఎంతనో తనకు తోచినట్టు పంచి పంపింది. ఎవరు కొలువలే, ఎవరు అడుగలే. తర్వాతి ఆదివారం పేపర్ల లెక్క పడ్డది. దాంట్ల అటుమొఖం కూసున్న ఒక ముసలమ్మ ఉన్నది, ఒక వియ్యంకుడున్నడు. నేను లేను. గొంతెత్తి చదివిన, నా భార్య రెండుసార్లు చదివిచ్చుకున్నది. ఇప్పుడు బామ్మర్ది మీద కుళ్లుకు తోడు, ఎన్నడో కాలం చేసిన మామ మీద కూడ కుళ్లు మొదలైంది. ఆయనకు అక్షరం ముక్క రాదు, పుస్తకంల చోటు దొరికింది. నేను కష్టపడి నేర్చుకున్న, దొరకలే.

అందుకే ఇది నేను రాసుకుంటున్న. పేర్లు నేను కూడ పెట్టలే, ఆయనను చూసి నేర్చుకున్ననని అనుకుంటే అనుకోండ్రి. కానీ ఒక్కరిని కూడ వదలను. ఆ రోజు మా వాకిట్ల ఉన్నోళ్లు: నా భార్య, నా బామ్మర్ది, అటుమొఖం కూసున్న మా చిన్నమ్మ, నా కొడుకు, ఫోన్ పట్టుకున్న కోడలు, అనంతగిరి వియ్యంకుడు, మా పెద్దనాయన కొడుకులు ఇద్దరు, నేను, నేరేడుచర్ల నుంచి వచ్చి పొట్టేలును కోసిన మనిషి.