అనసూయ మేడం బల్లిగుడ్లు

పంజాగుట్టలో పళ్ల డాక్టరు కోసం కూర్చుని ఉంటే, లోపలి గదిలోంచి లవంగనూనె వాసన గుప్పుమంది. ఆ వాసనకు అందరికీ పంటినొప్పి గుర్తొస్తుంది, నాకు అనసూయ మేడం గుర్తొస్తారు. ఆవిడ బల్లి పిండాలను లవంగనూనెలో వేసి, లోపలిదంతా బయటికి కనిపించేదాకా ఓపిగ్గా కాచుకుని ఉండేవారు. ఇన్నేళ్లయినా ఆ వాసన నాకు పడదు.

మేడం మా డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్. నేను గుంటూరు నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, పొద్దున ఆవిడ క్లాసుకూ సాయంత్రం మైత్రీవనంలో జావా క్లాసుకూ పరిగెత్తేదాన్ని. ఊరంతా కంప్యూటర్ల వెంట పడిన రోజులవి. మా తర్వాత జువాలజీలో చేరిన నాథుడే లేడు. ఆవిడ మాత్రం గుడ్డులోని బల్లిపిల్లకు పెంకు పగలగొట్టుకునే పన్ను ఎలా మొలుస్తుందన్న విషయం మీద ఏళ్ల తరబడి పీహెచ్‌డీ చేస్తున్నారు. గడువు ఆ ఏడాదితో సరి. కోర్సు మారినప్పుడల్లా అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు మారేవి. బోర్డులు కట్టే యాదగిరి, వాటి వెనక దొరికిన గుడ్లను దూదిలో పెట్టి తెచ్చేవాడు. "మేడం, గియ్యి కోబాల్ కోర్సు బోర్డు ఎనకాల దొరికినయ్" అని అప్పగించి పోయేవాడు.

"పాముకు, తొండకు నడిమిట్ల ఒక్కటే పన్ను. గీ బల్లికి పక్కపక్కన రెండు" అని మేడం చెప్పారొకసారి. "కోడిపిల్ల ముక్కు మీద ఉండే కొన లెక్క కాదు, ఇవి నిజమైన పండ్లే. పైపొర లోపలికి దిగుతది, దాని కింద పన్ను గట్టిపడ్తది. పిల్ల బయటికొచ్చినంక ఒకట్రెండు దినాలకు ఊడిపోతయ్."

"రెండు రోజుల కోసం ఇంత తతంగమా అండీ?"

"అది లేకుంటే పిల్ల లోపల్నే సస్తది బిడ్డా."

అప్పటికే ఆవిడకు కంట్లో నరం దెబ్బతిని చూపు తగ్గిపోతోంది. అందుకే మైక్రోస్కోపులో పిండాలను చూసి థీసిస్‌కు బొమ్మలు గీసే పని నాకిచ్చారు. "నువ్వు ఏం చూసినవో గదే గీయి" అన్నారు. చాలావరకు అలాగే గీశాను. చివరి ఆరు బొమ్మలప్పుడు నాకు జావా పరీక్ష ముంచుకొచ్చింది. సీనియర్ల రికార్డు చూసి బొమ్మలు దించడం మా అందరికీ అలవాటే. కప్పను కోసిన రోజున కూడా నేను గీసింది సీనియర్ గీసిన కప్పనే. అలవాటైన చేయి ఊరుకుంటుందా? స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టకుండానే, పుస్తకంలో పాముపిండం బొమ్మ చూసి, మూతి కాస్త పొట్టిగా దిద్ది ఇచ్చేశాను. మేడం కాగితాలను కంటికి ఆనించుకుని చూశారు. ఏమీ కనపడినట్టు లేదు. "మంచిగ చూసి గీసినవా?" అని నన్నే అడిగారు. చూశానన్నాను.

వైవా రోజున నేను వెనక వరసలో కూర్చున్నాను. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన పేజీలు తిప్పుతూ ఆగారు. "అమ్మా, మీరు రెండు పళ్లని రాశారు. ఈ ఆరు బొమ్మల్లో ఒక్కటే ఉంది. ఇవి మీరే గీశారా?"

నేను లేచి నిలబడాలి. కూర్చునే ఉన్నాను.

"నేనే గీసిన సార్" అన్నారు మేడం.

ఆ భాగమంతా మళ్లీ చేయమన్నారు. గడువు చాలలేదు, కళ్లు అసలు సహకరించలేదు, పీహెచ్‌డీ ఆగిపోయింది. మరుసటి ఏడు కాలేజీవాళ్లు జువాలజీ మూసేసి, ఆవిడను అడ్మిషన్ ఫారాలిచ్చే కౌంటర్లో కూర్చోబెట్టారు. నాకు ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకెళ్లే మొహం లేక వెళ్లలేదు.

రెండేళ్ల తర్వాత బల్కంపేటలో వాళ్లింటికి వెళ్లాను. గొంతు విని గుర్తుపట్టారు. జరిగిందంతా ఏడుస్తూ చెప్పాను.

"నాకు ఆ వైవా దినమే ఎరుకయింది" అన్నారు.

"మరి నా పేరెందుకు చెప్పలేదండీ?"

"కింద సంతకం నాది గద." మెల్లగా అన్నారు. "నా కండ్లు పోతున్నయని నీ కండ్లు అడిగిన బిడ్డా. నువ్వు తెరిచి సుత చూడలే."

తిట్టలేదు. చాయ్ తాగి పొమ్మన్నారు. క్షమించారా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అడుగుదామనుకునేసరికి ఆవిడ లేరు.

ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా "చూశావా?" అని అడిగితే, చూసిందే అయినా ఇంకోసారి వెళ్లి చూసొచ్చి చెబుతాను. చాదస్తమని నవ్వుతారు. ఆవిడ అడిగినప్పుడు మాత్రం చూడకుండానే చూశానన్నాను.