మా ఆయనకి తెలుగు మిగిలిన రోజులు

ఆ రోజు అన్నం ముందు కూర్చుని మా ఆయన ఉప్పు అడగబోయి ఆగిపోయేరు. "అదేటే... వో... వో దే" అని చెయ్యి చాపేరు. నేను నవ్వి, "ఉప్పుక్కూడా హిందీయేనా?" అన్నాను. ఆయన నవ్వలేదు.

మాది బాగ్‌బేరా రైల్వే కాలనీ. ఆయన టాటానగర్ యార్డులో రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చుట్టూ హిందీయే, మా ఇంట్లో సగం తెలుగు, సగం హిందీ. మా అమ్మాయి స్వాతి అయితే తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిత్తాది. అందుకే ఆయనకి తెలుగు మాట దొరక్క హిందీ వేత్తన్నారని ఎవరికీ తట్టలేదు. పోనుపోనూ హిందీ మాటా దొరకలేదు. ఓ రోజు డ్యూటీలో ఫిట్స్ వచ్చి పడిపోయేరు.

ఎమ్మారై తీసి గ్లయోమా అన్నారు. డాక్టరు గారు హిందీలో చెప్పింది నాకర్థమైనట్టు రాత్తన్నాను. మెదడులో ఆలోచించే న్యూరాన్ల చుట్టూ గ్లయల్ సెల్స్ అని ఉంటాయట. వాటికి తిండి అందిత్తాయి, చెత్త ఎత్తుతాయి, వాటి తీగల్లాంటి పోగులకి తొడుగేత్తాయి. చిన్న పురుగులకి కొన్నే ఉంటాయట. మనిషి దాకా వచ్చేసరికి వాటి లెక్కా, పనీ బాగా పెరిగేయట. ఈయనకి అవే అదుపు తప్పి, మాట పుట్టే చోట గడ్డ కట్టేయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చాకిరీ చేసేవే ఇలా చేత్తే ఇంకెవర్ని నమ్మేది సార్?" అని అడిగేసేను. "మిగతావి పనిచేత్తానే ఉన్నాయమ్మా. అందుకే మిమ్మల్ని గుర్తుపడతన్నారు" అన్నారు డాక్టరు గారు.

సర్జరీలో గడ్డంతా తియ్యలేదు. తీత్తే ఉన్న మాటా పోద్దన్నారు. తర్వాత రేడియేషన్, కీమో మాత్రలు. అన్నం సయించేది కాదు. అయినా కొంత మాట తిరిగొచ్చింది, తెలుగు ఒక్కటే. "స్వాతీ, ఇలా రావే" అని పిలిచేవారు. "హా పాపా, ఆ రహీ హూఁ" అని వత్తా వత్తా హిందీలోనే అనేది అది. ఆయన తెల్లమొహం వేసేవారు.

"నాన్నకి హిందీ అందట్లేదే, తెలుగులో చెప్పు" అంటే, "గలత్ బోలూంగీ, మా" అని ఏడ్చేది. తప్పులొత్తాయని దాని సిగ్గు.

వానలు మొదలయ్యేక ఇంకో ఎమ్మారై. గడ్డ మళ్ళీ పెరిగింది. ఆ నెలలోనే మాట పూర్తిగా ఆగిపోయింది.

ఇప్పుడాయన మంచం మీదే. స్వాతి కాలేజీ నుంచి రాగానే పక్కన కూర్చుంటాది. "నాన్నా, ఏటి కావాలి? నీళ్ళు తాగుతావా?" అని తెలుగులోనే అడుగుతాది. ఆయన దాని మొహమే చూత్తారు. నేను వంటింట్లోకెళ్ళి ఏడుత్తాను.

ఇంట్లో ఇలాటి జబ్బు మనిషుంటే ఒక్కటే చెబుతాను. ఆ మనిషికి ఏ భాష మిగిలిందో చూసి, తప్పులొచ్చినా ఆ భాషలోనే మాట్లాడండి. సిగ్గు తర్వాతైనా పడొచ్చు.