ఒకటో నంబరు టోకెను

గూళూరు గంగరత్నమ్మ కూతురు హేమలత 2006లో బెంగళూరులో ఎం.బి.ఎ. చదువుతా ఉండేది. ఆపరేషన్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఆమె సబ్జెక్టులు. జనం క్యూలో ఎంతసేపు నిలబడతారు, దాన్ని ఎట్లా తగ్గించాలి అనేదానికి కూడా ఒక లెక్క ఉంటుందని ఆమెకు అక్కడే తెలిసింది.

ప్రాజెక్టుకు సొంతూర్లో తమ ఇంటి ముందరి బోరు కొళాయినే తీసుకునింది. అక్కడ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు. అందుకని ఆడవాళ్లు బిందెలు వరుసగా పెట్టేసి ఇళ్లకు పోతారు. ఎవరో ఒకరు తమ బిందెను ముందుకు జరుపుతారు, జగడం మొదలవుతుంది. హేమలత ఇంటింటికీ నంబరు వేసిన కాగితం టోకెను ఇచ్చింది. నీళ్లొచ్చినప్పుడు నంబరు ప్రకారం వస్తే చాలు, ముందే వచ్చి బిందెలు పెట్టే పనే లేదని చెప్పింది. ఒకటో నంబరు వాళ్లమ్మకే ఇచ్చింది. ఆ పద్ధతి మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

మరుసటి రోజు పొద్దున కొళాయి దగ్గర ఒక్క బిందె లేదు, ఒక్క మనిషీ లేదు. టోకెన్లు మాత్రం వరుసగా ఉన్నాయి. పందొమ్మిది, ఆరు, ఇరవై ఏడు. ఎవరు ముందొస్తే వాళ్లది ముందు. ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి.

"మంచి పని చేస్తివమ్మా," అనింది పక్కింటి నరసమ్మ. "బిందె ఇంట్లో వాడుకుంటాండాము."

లోపల సంగటి కెలుకుతా గంగరత్నమ్మ కేక వేసింది. "పాపా, మనది పెట్టినావా?"

హేమలత ఒక రాయి వెతుక్కునింది. ఒకటో నంబరు టోకెనును తీసుకుపోయి వరుసలో అందరికన్నా చివర పెట్టింది.