షట్టరు కింద పురుడు

ఆ వీధిలో అందరూ ఆమెను అయిపోయిందమ్మ అనేవారు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, కాన్పుల వార్డు పెట్టిన పేరు. సగం జీవితం ఆమె ఆ వార్డులో ఆయాగా చేసింది. నొప్పులు పడుతున్న అమ్మాయి మంచం కమ్మీ పట్టుకుని కప్పు ఎగిరిపోయేలా అరుస్తుంటే, నడుము రాస్తూ "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అనేది. నిజానికి అప్పటికి ఏమీ అయి ఉండేది కాదు. బిడ్డ లోపల కాలు మీద కాలు వేసుకుని, బయటికి రావాలా వద్దా అని ఆలోచించుకుంటూ ఉండేవాడు. అయినా ఆ మాటకు ఎంతోమంది ఊపిరి కూడగట్టుకున్నారు. ఒకావిడ మాత్రం "పొద్దుటి నుంచీ అయిపోయిందంటున్నావు, ఎక్కడే అయిపోయింది?" అని చెంప ఛెళ్లుమనిపించింది. అయిపోయిందమ్మ చెంప రుద్దుకుని, "అయిపోయింది తల్లీ, ఇంకో చెంప కూడా ఉంది, కానియ్" అందట. ఆ చేతుల మీదుగా పుట్టినవాళ్లందరూ ఒకేసారి తుమ్మితే ఊళ్లో కిటికీలు మిగలవని చెప్పుకునేవారు.

ఆసుపత్రి మూతపడ్డాక ఆమె సెల్‌ఫోన్ల షోరూములో సెక్యూరిటీగా చేరింది. నీలం చొక్కా, ముడి మీద నిలవని టోపీ, చేతిలో కుయ్యిమనే డిటెక్టరు కర్ర ఇచ్చారు. ఉద్యోగం మారింది గానీ నాలుక మారలేదు. బ్యాగు తెరిచి చూపించడానికి విసుక్కునేవాళ్ల వీపు నిమిరి, "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అనేది. వాళ్లు నవ్వి లోపలికి వెళ్లేవారు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. పుట్టినప్పుడే భుజాలు అడ్డం తిరిగి తల్లి ప్రాణం తోడేశాడు. పన్నెండేళ్ల అక్క పక్కన నిలబడి కళ్లారా చూసింది. పెరిగాక ఆ భుజాలు ఇంకా వెడల్పయ్యాయి. బస్సు ఎక్కితే ఇద్దరు దిగాల్సి వచ్చేది. అందుకే అతన్ని బీరువా అనేవారు. మనిషి అంత భారీగా ఉన్నా, జన్మలో ఒక్కసారి కూడా దేనిలోనూ మొదటివాడు కాలేదు. ఏ వరసలో నిలబడినా తన వంతు వచ్చేసరికి కిటికీ మూసేసేవారు. అతను బండి నేర్పినవాళ్లందరూ అతన్ని దాటుకుని వెళ్లిపోయేవారు.

అలాంటి బీరువా కొత్త ఫోను విడుదలవుతుందని తెలిసి ముందురోజు సాయంత్రమే షట్టరుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఊరంతా ఆ ఫోను బొమ్మలే. గోడల మీద, బస్సుల వెనక, చివరికి క్షౌరశాల అద్దం మీద కూడా. "ఇది చూశాక పాతవన్నీ రాళ్లే" అని కింద పెద్ద అక్షరాలు.

పొద్దున్న డ్యూటీకి వచ్చిన అక్క తమ్ముణ్ని చూసి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఇంట్లో మంచం లేదా నీకు? ఆ ఫోను మధ్యాహ్నం కొంటే మాట్లాడదా?"

"మొదటిది నాకే కావాలి అక్కా. ఈ ఒక్కసారి నన్ను ముందు నిలబడనివ్వు."

ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చి, "షట్టరు లేచేటప్పుడు మాత్రం వెనక్కి జరుగు. నీ సైజుకు అదే పట్టుకుంటుంది" అంది.

వరసలో బీరువా వెనక పళ్ల డాక్టరు, ఆయన వెనక కేబుల్ అతను. ఆ వెనక వరస వీధి మలుపు తిరిగి ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి.

"దీంతో చందమామను తీస్తే గుంతలు కనిపిస్తాయట" అన్నాడు పళ్ల డాక్టరు.

"మన రోడ్డును తీసినా కనిపిస్తాయి సార్. ముఖం చూసి మనకు కోపం వచ్చిందో లేదో చెప్పేస్తుందట, అదీ గొప్ప" అన్నాడు కేబుల్ అతను.

"మా ఆవిడ ఎప్పటి నుంచో చెబుతోంది. ఆమెకు చార్జింగు కూడా అక్కర్లేదు" అన్నాడు బీరువా.

అందరూ నవ్వారు. ఆ ఊపులో కేబుల్ అతను జేబులోంచి పాత ఫోను తీసి, "ఇక నీతో పనేంట్రా!" అని ఫుట్‌పాత్ అంచుకేసి కొట్టాడు. అద్దం చెల్లాచెదురైంది. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు. ఇంకో నలుగురు తమవి కూడా పగలగొట్టారు. పెళ్లి కుదరకముందే పాత ఇల్లు కూలగొట్టుకున్న మొనగాళ్లలా నిలబడ్డారు.

ఎండ ముదిరింది. చెప్పిన సమయం దాటినా షట్టరు కదల్లేదు. తోపులాట మొదలైంది. ఎవరి మోచెయ్యో ఎవరి కడుపులోనో దిగింది. ఒకడు ఇంకొకడి కాలరు పట్టుకున్నాడు. వరస మధ్యలో ఒక పెద్దాయన గోడకు ఆనుకుని, ముఖమంతా చెమటతో, "ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాడు మూలుగుతున్నట్టు.

మూలుగు వినబడితే ఆమె చెయ్యి దానంతటదే నడుము మీదికి పోతుంది. పెద్దాయన వీపు నిమిరి, ప్రేమగా, వార్డు చివరి మంచానికి కూడా వినపడే గొంతుతో అంది: "అయిపోయింది నాన్నా, అయిపోయింది. ఇంకొంచెం ఓర్చుకో."

ఓర్చుకోమన్నది పెద్దాయనకు ఒక్కడికే వినబడింది. అయిపోయిందన్నది వీధికంతా వినబడింది.

"ఏంటి? అయిపోయిందా?"

"స్టాకు అయిపోయిందట!"

"సెక్యూరిటీ ఆవిడే చెప్పింది! వెనక తలుపు నుంచి అమ్మేసుకున్నారట!"

మాట మలుపు తిరిగి తోక దాకా వెళ్లి, అక్కడ కోపం కలుపుకుని వెనక్కి వచ్చింది. అప్పటికది మాట కాదు, మనుషుల గోడ. కేబుల్ అతను ఫుట్‌పాత్ మీద పడి ఉన్న పాత ఫోను ముక్కలను ఒకసారి చూశాడు. ఎదురుగా ఉన్న మొదటి ముఖాన్ని ఒక్క గుద్దు గుద్దాడు. అది పళ్ల డాక్టరు ముఖం. ఆయన రెండు పళ్లు ఆయన అరచేతిలోకే రాలాయి. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "వేర్లతో సహా వచ్చాయి, మంచి దెబ్బే" అన్నాడట నోటినిండా రక్తంతో. ఆ తర్వాత కేబుల్ అతని ముక్కును తలతో పొడిచాడు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు రోడ్డు అవతల మెకానిక్ షెడ్డులోకి వినబడింది.

అయిపోయిందమ్మ మనుషుల మధ్య ఈదుకుంటూ షట్టరు దగ్గరికి వచ్చింది. "అయిపోలేదయ్యా! స్టాకంతా లోపలే ఉంది!" అని అరిచింది. అయిపోయిందన్న గొంతే అయిపోలేదంటే ఎవరు నమ్ముతారు? ఒక హెల్మెట్ ఎగిరొచ్చి ఆమె కనుబొమ చీల్చింది. సరిగ్గా అప్పుడే, బయట ఏం జరుగుతోందో తెలియని మేనేజరు లోపల మోటారు బటన్ నొక్కాడు. షట్టరు మోకాలి ఎత్తు లేచింది. స్టాకు ఉందని లోపలి నుంచి చూపిద్దామని ఆమె వంగి దూరింది.

ఆమె లేచి నిలబడేలోగా బయట గోడ కూలినట్టు జనం మీదపడ్డారు. బీరువా పక్కకు ఒరిగి కూలాడు. తల షట్టరు కింద నుంచి లోపలికి వచ్చింది. భుజాలు రాలేదు. ఒక భుజం నేలకు, ఇంకో భుజం ఆకాశానికి పెట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబెట్టిన బీరువాలా ఇరుక్కుపోయాడు. ఇన్ని కాళ్లను చూసి బెదిరిన మేనేజరు బటన్ కిందికి నొక్కాడు. ఇనప అంచు దిగి బీరువా పై భుజాన్ని పక్కటెముకల్లోకి నొక్కింది. బయట అతని కాళ్ల మీద మనుషులు, వాళ్ల మీద ఇంకా మనుషులు.

"అక్కా" అన్నాడు బీరువా. ఆ తర్వాత నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. పెదాలు నల్లబడుతున్నాయి.

"పూర్తిగా దించేస్తా!" అని మేనేజరు గోలపెట్టాడు. "లేకపోతే దుకాణం మొత్తం దోచుకుంటారు!"

"దించితే వాడు రెండు ముక్కలవుతాడు!"

"పైకెత్తమంటావా?"

"ఎత్తితే తొక్కి చంపేస్తారు. ఆ బటన్ జోలికి పోకు!"

మేనేజరు వేలు ఆగలేదు. ఆమె డిటెక్టరు కర్రతో అతని మణికట్టు మీద చాచి కొట్టింది. వాచీ తగిలి కర్ర కుయ్యిమంది. ఆ తర్వాత మేనేజరూ కుయ్యిమన్నాడు. చెయ్యి కడుపులో పెట్టుకుని కౌంటరు కింద కూలబడ్డాడు.

ఆమె నేల మీద మోకాళ్లూనింది. కనుబొమ రక్తం కంట్లోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంది. ముందు తల వచ్చింది, అంతవరకు మంచిదే. భుజం అడ్డం పడింది. మళ్లీ అదే. యాభై ఏళ్లు పెరిగి కూడా వీడికి బుద్ధి రాలేదు.

బీరువా కాళ్లతో నేలను తన్నుతూ ముందుకు తోసుకుంటున్నాడు. తోసినకొద్దీ భుజం ఇంకా బిగుసుకుంటోంది.

"తోయకురా! ఒరేయ్, నువ్వు తోయకు! ఉన్న కాస్త గాలీ వదిలెయ్!"

అక్క మాట వినని జన్మ కాదు అతనిది. గాలి వదిలాడు. ఛాతీ కుంగిన ఆ ఒక్క క్షణంలో ఆమె చెయ్యి అతని కింది చంక దాకా దూరింది. మోచెయ్యి మడిచి, ఛాతీ మీదుగా ఈడ్చి, కింది చేతిని ముందు తన వైపుకు లాగింది. షట్టరు అంచు ఆమె ముంజేతి తోలు వలిచేసింది. ఆమె లాగడం మానలేదు. ఇప్పుడు భుజాలు తిప్పాలి, నిలువుగా ఉన్నవాణ్ని బోర్లా పడుకోబెట్టాలి. తిరగనివ్వకుండా బయట మనుషుల బరువు. ఆమెకు ఒకటే దారి కనిపించింది. బిడ్డ దక్కాలంటే ఆ దారి తప్పని రోజులు వార్డులోనూ ఉండేవి.

"అమ్మ తోడు, క్షమించరా" అని పై భుజం మీద తన మోకాలు వేసి ఒత్తింది.

కాలర్ బోన్ టప్పుమంది. భుజం కుంగింది. ఆమె రెండు చంకలూ పట్టి, మెలితిప్పి, వెనక్కి పడుతూ లాగింది. ఒక్క జారుతో బీరువా మొత్తం ఆమె మీదికి వచ్చిపడ్డాడు. చొక్కా, ప్యాంటు, చెప్పులు షట్టరు అవతలే ఉండిపోయాయి. అతను మొదటిసారి పుట్టినప్పటికంటే ఒంటి మీద ఒక్క చెడ్డీ ఎక్కువ, అంతే. వెనకే షట్టరు ధడేలుమని నేలకు దిగింది. దాని కింద ఒక చెప్పు కాగితంలా నలిగింది.

బీరువా ఊపిరి తీసుకోలేదు. ఆమె బోర్లా తిప్పి వీపు మీద ఒక్కటి ఇచ్చింది. ఉలకలేదు. ఇంకొకటి ఇచ్చింది. మూడో దెబ్బకు దుకాణంలో అద్దాల బీరువాలు గలగలలాడాయి. అప్పుడు అతను కెవ్వుమన్నాడు. ఆ కేక విని ఆమె గోడకు చేరగిలబడి ఏడ్చింది.

పక్క అద్దం బయటి నుంచి బండరాయితో బద్దలైంది. జనం గాజు పెంకుల మీదుగా లోపలికి దూకారు. ఒకడి అరికాలు చీలి నేలంతా ఎర్రటి అచ్చులు పడ్డాయి. ఒకే పెట్టెను ఇద్దరు పట్టుకుని, ఒకడి వేలు ఇంకొకడు కొరికి, పెట్టెను రెండుగా చీల్చారు. ఒకడికి ఫోను దక్కింది, రెండోవాడికి ఖాళీ సగం. "దొంగల్లారా, చార్జరు ఏదిరా?" అని వాడు ఆ సగంతోనే మొదటివాడి నెత్తి పగలగొట్టాడు. పోలీసులు కర్రలతో వచ్చేసరికి దుకాణంలో స్టాకు నిజంగానే అయిపోయింది.

సాయంత్రం ఎముకల డాక్టరు గదిలో బీరువా బల్ల మీద కూర్చున్నాడు. కనుబొమకు కుట్లతో, ముంజేతికి కట్టుతో అక్క పక్కన నిలబడింది. వరండాలో పళ్ల డాక్టరూ కేబుల్ అతనూ ఒకే బెంచీ మీద, ఒకే ఐసు ముక్కను మార్చి మార్చి ముఖాలకు అద్దుకుంటున్నారు.

"అక్కా, ఒకటి అడుగుతా. నిజం చెప్పు."

ఏం అడగబోతున్నాడో ఆమెకు తెలిసినట్టే ఉంది. ఆ మాట అన్నదెవరని మేనేజరు గొడవ అయినప్పటి నుంచీ అందర్నీ అడుగుతున్నాడు.

"అడుగు."

"ఆ దుకాణంలో మొదట అడుగుపెట్టింది నేనేగా?"

"అడుగు కాదురా, తల పెట్టావు. కానీ నువ్వే మొదలు. నీకంటే ముందు ఎవరూ రాలేదు."

బీరువా ముఖం వెలిగిపోయింది. అంతలో డాక్టరు రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి గుంజాడు. బీరువా కేక వేసి అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఆమె రెండో చెయ్యి దానంతటదే అతని నడుము మీదికి వెళ్లింది.

"అయి..."

"అక్కా! ఆ మాట అన్నావంటే చంపేస్తా!"

వరండాలోంచి, పళ్లు ఊడిన నోటితో, "అనొద్దని చెప్పవయ్యా!" అని ఇంకో కేక.

అయిపోయిందమ్మ ఆ మాటను గుటకేసింది. తమ్ముడి నడుము నిమురుతూ, వార్డులో జన్మలో ఒక్కసారి కూడా అనని మాటలు ఏరుకుని అంది: "ఇంకా మొదలే కాలేదు నాన్నా. ఇంకా చాలా ఉంది. గట్టిగా అరిచెయ్."